పాత పార్కులో కుక్కతో వాకింగ్: రెండు రింగుల హార్నెస్, మూడు మీటర్ల లీష్ ఎలా ఉన్నాయి

కొనాలా వద్దా అన్నదొక్కటే తెలుసుకోవాలనుకునే వాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. మీరు కుక్కని తీసుకెళ్లేది పాతకాలపు పార్కుకైతే, అంటే వంపులు తిరిగే దారులు, నేల పైకి లేచిన చెట్ల వేళ్లు, రాతిమెట్లు, విగ్రహాలు, బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్లు ఉండే చోటుకైతే, ఛాతీ దగ్గర ఒక రింగు, వీపు మీద ఒక రింగు ఉన్న వై ఆకారపు హార్నెస్, అంటే కుక్క ఒంటికి తొడిగే పట్టీల సరంజామా, కొనండి. దానికి మూడు మీటర్ల మామూలు లీష్, అంటే మనం చేత్తో పట్టుకునే పట్టీ, తగిలించండి. కుక్క లాగితే సాగి, దగ్గరికొస్తే దానంతటదే ముడుచుకునే లీష్ మాత్రం అలాంటి చోటికి వద్దు. హార్నెస్‌కి అయిదుకి నాలుగు స్టార్లు, మామూలు లీష్‌కి అయిదుకి అయిదు, సాగే లీష్‌కి ఒకటి. ఎందుకో వివరంగా రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది. అమ్మేవాళ్లు చెప్పే మాటలకీ పార్కులో జరిగేదానికీ చాలా తేడా ఉంది, ఆ తేడా భారమంతా చివరికి కుక్క మెడ మీద పడుతోంది.

మా కుక్క పేరు బూచి. 18 కిలోలు, ఫలానా జాతి అని చెప్పలేం, కలగలుపు. ఛాతీ లోతుగా, నడుం సన్నగా ఉంటుంది. బలం ఉంది, హుషారు అంతకంటే ఎక్కువ ఉంది, ఉడుత కనబడిందంటే ఒక్క ఉదుటున దూకుతాడు. నేను చెప్పేది ఇలాంటి మధ్యరకం కుక్కలకి బాగా సరిపోతుంది. అరచేతిలో పట్టేంత చిన్న కుక్కలకీ, నలభై కిలోలు దాటిన వాటికీ కొన్ని మార్పులు చేసుకోవాలి, అవి ఎక్కడికక్కడ చెబుతాను.

పార్కు పాతదైతే ఏంటి, కొత్తదైతే ఏంటి, నడకే కదా అనిపించొచ్చు. కానీ తేడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో పార్కులు వేసినవాళ్లు దారుల్ని కావాలనే వంపులు తిప్పారు. మలుపు అవతల ఏముందో ముందే కనబడకూడదు, నడిచేవాళ్లకి అడుగడుక్కీ కొత్త దృశ్యం ఎదురవ్వాలి, అదీ వాళ్ల ఉద్దేశం. న్యూయార్క్‌లో 1858లో జనానికి తెరిచిన సెంట్రల్ పార్కుని ఓమ్‌స్టెడ్, వాక్స్ ఇద్దరూ అలాగే గీశారు. చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు, నాకు ఆ వంపులంటే ప్రాణం. అయితే కుక్కని పట్టుకున్న మనిషికి అలాంటి మలుపు దగ్గర అవతలి నుంచి పిల్లాడి సైకిల్ వస్తోందో, ఇంకో కుక్క వస్తోందో, చేతికర్రతో ఓ పెద్దాయన వస్తున్నారో తెలీదు. దారి వెడల్పు తక్కువ. పక్కకి తప్పుకుందామంటే పూలపాదులో, రాతి అంచులో. పాత చెట్ల వేళ్లు ఫలకల్ని పైకి లేపేసి ఉంటాయి కాబట్టి కుక్క హఠాత్తుగా లాగితే మనం తూలి పడటానికి కూడా అవకాశం ఎక్కువే. అందుకే ఇక్కడ కుక్కకి వేసే సరంజామాలో రెండు గుణాలు ఉండాలి. క్షణంలో దగ్గరికి తెచ్చుకునే వీలు ఉండాలి, మిగతా సమయమంతా కుక్కకి స్వేచ్ఛ ఇవ్వగలగాలి. ఈ రెండూ కలిసి దొరకడం అంత తేలిక కాదు.

ముందు హార్నెస్ సంగతి. మెడకి పట్టెడ ఉండాల్సిందే, దానికి ఫోన్ నంబరున్న బిళ్ల ఉండాల్సిందే. కానీ లీష్ తగిలించాల్సింది దానికి కాదు. కుక్క లాగినప్పుడు పట్టెడ వత్తిడి నేరుగా శ్వాసనాళం మీద పడుతుంది. దగ్గుతూ, గురగురలాడుతూ, అయినా లాగుతూనే వెళ్లే కుక్కల్ని రోజూ చూస్తున్నాం. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో కుక్కలు లాగుతున్నప్పుడు కంటిలోపలి ఒత్తిడిని కొలిచారు. పట్టెడతో లాగినప్పుడు ఆ ఒత్తిడి పెరిగింది, హార్నెస్‌తో లాగినప్పుడు చెప్పుకోదగ్గంత పెరగలేదు. గ్లాకోమా లాంటి కంటి జబ్బులున్న కుక్కలకి ఇది చాలా పెద్ద విషయం. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు మామూలుగానే ఊపిరికి ఇబ్బంది పడతాయి. పొమరేనియన్ లాంటి చిన్నవాటికి శ్వాసనాళం మెత్తబడి కుంగిపోయే సమస్య ఉంటుంది. వీటికి పట్టెడతో లాగుడు పెట్టడం అన్యాయమే.

హార్నెస్ వేస్తే కుక్క ఇంకా ఎక్కువ లాగుతుంది అని చాలామంది అంటారు. అందులో సగం నిజం ఉంది. సెంట్రల్ పార్కులోనే బాల్టో అనే కుక్క కంచు విగ్రహం ఉంటుంది. 1925లో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో డిఫ్తీరియా వస్తే, మంచులో స్లెడ్జి బళ్లకి కట్టిన కుక్కల జట్లు ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ మందుని అక్కడికి చేర్చాయి. ఆఖరి జట్టుకి ముందు నడిచింది బాల్టో. ఆ ఏడాదే విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం ఒంటి మీద హార్నెస్ కూడా ఉంటుంది, అది బండి లాగే హార్నెస్. బరువు మెడ మీద కాకుండా ఛాతీ మీదా ఒంటి మీదా పరుచుకుంటుంది కాబట్టి కుక్క హాయిగా లాగగలదు. అసలు దాని పనే అది. మన వాకింగ్ హార్నెస్‌లో కూడా వీపు మీద రింగుకే లీష్ తగిలిస్తే, లాగే అలవాటున్న కుక్కకి లాగుడు ఇంకా సుఖంగా ఉంటుంది, లాగుతుంది.

ఛాతీ రింగు అక్కడే పనికొస్తుంది. ముందు నుంచి లీష్ తగిలించి ఉన్నప్పుడు కుక్క జోరుగా ముందుకి దూకితే ఒళ్లు పక్కకి తిరిగిపోతుంది. బలమంతా తిన్నగా వెళ్లదు, తల మనవైపు మళ్లుతుంది. బూచి విషయంలో నాకు మొదటి నడకలోనే తేడా తెలిసింది, ముఖ్యంగా మలుపుల దగ్గర. అయితే ఇది కుక్కకి నడక నేర్పదు, నేర్పడానికి మనకి వీలు కల్పిస్తుందంతే. లీష్ బిగుసుకుంటే ఆగాలి, వదులైతే నడవాలి, ప్రతిసారీ అంతే, ఇంట్లో అందరూ అలాగే చెయ్యాలి. ఒకరు ఆగి ఇంకొకరు లాక్కెళ్లనిస్తే ఏ హార్నెస్సూ ఏమీ చెయ్యలేదు. నేను పార్కు గేటు నుంచి జనం ఉండే దారి దాటేదాకా ఛాతీ రింగుకి తగిలిస్తాను, లోపల విశాలంగా ఉన్న పచ్చిక దగ్గరికి వెళ్లాక వీపు రింగుకి మారుస్తాను. ఇప్పుడు బూచికి ఆ మార్పు చూసే అర్థమైపోతుంది, వీపు మీద క్లిక్ మనగానే తోక ఊపుతూ ముక్కు నేలకి ఆనిస్తాడు.

వై ఆకారం ఎందుకంటే, భుజాలకి అడ్డంగా ఒక పట్టీ వచ్చే రకం హార్నెస్‌లు కూడా ఉన్నాయి, అవి ముంగాళ్లు చాచే చోటనే అడ్డుపడతాయి. వై ఆకారంలో పట్టీలు మెడకి రెండుపక్కల నుంచి దిగి రొమ్ము ఎముక మీద కలిసి, ముంగాళ్ల మధ్య నుంచి వెనక్కి పోతాయి. కాబట్టి భుజం ఫ్రీగా కదులుతుంది అని అట్టపెట్టె మీద రాస్తారు. ఇది మాత్రం పూర్తిగా నమ్మకండి. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో రెండు రకాలూ వేసి కుక్కల్ని నడిపించి, దౌడు తీయించి కొలిస్తే, రెండూ భుజం చాపుని కొంత తగ్గించాయి. వై రకం ఇంకొంచెం ఎక్కువే తగ్గించింది. అంటే ఆకారం ఒక్కటే చూసి మురిసిపోవడం కాదు, మన కుక్క ఒంటికి ఎలా కూర్చుందన్నది ముఖ్యం. నేను వై రకమే ఎంచుకోవడానికి కారణం, లాగినప్పుడు బరువు గొంతు మీదకి కాకుండా రొమ్ము ఎముక మీదకి వస్తుంది.

ఒంటికి కూర్చోవడం గురించి అమ్మేవాళ్లు రెండు వేళ్లు దూరితే చాలు అని చెప్పి వదిలేస్తారు. అది సరిపోదు. వై కలిసే చోటు రొమ్ము ఎముక పైభాగం మీద ఉండాలి, గొంతు గుంటలో కాదు. పొట్ట చుట్టూ తిరిగే పట్టీ చంకలో ఒరుసుకోకుండా మోచేతికి కనీసం రెండు మూడు వేళ్లు వెనక్కి ఉండాలి. కుక్క నిలబడ్డప్పుడు మాత్రమే కాదు, కూర్చున్నప్పుడు, వంగి వాసన చూస్తున్నప్పుడు కూడా చూడండి. వంగితే మెడ పట్టీ జారి చెవుల దగ్గరికి వచ్చిందంటే సైజు పెద్దదైనట్టు. ఇంకొకటి, ఛాతీ లోతుగా నడుం సన్నగా ఉండే కుక్కలు భయపడి వెనక్కి నడిచాయంటే ఏ హార్నెస్ నుంచైనా జారిపోగలవు. మా బూచి ఒళ్లు అలాంటిదే. అలాంటి వాటికి నడుం దగ్గర మూడో పట్టీ ఉండే రకం తీసుకోండి, లేదా హార్నెస్ రింగుకీ మెడ పట్టెడకీ కలిపే చిన్న సేఫ్టీ క్లిప్ వాడండి. ఆ క్లిప్ వదులుగానే ఉంటుంది, హార్నెస్ ఊడినప్పుడే పనిచేస్తుంది. టపాసుల చప్పుడుకి బెదిరే కుక్క ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, పట్టీలు వాడేకొద్దీ జారుతున్నాయి. సైజు సర్దే ప్లాస్టిక్ బకిల్ దగ్గర పట్టు లేక వారానికోసారి మళ్లీ బిగించాల్సి వస్తోంది, ఛాతీ రింగుకే ఎక్కువసేపు తగిలిస్తే మొత్తం హార్నెస్ ఒక పక్కకి ఒరిగిపోతోంది. లోపల మెత్త కోసం పెట్టిన స్పాంజి వానలో తడిస్తే ఒక పట్టాన ఆరదు, వాసన వస్తుంది. ఎండాకాలంలో ఆ మెత్త వీపంతా కప్పేసి వేడి చేస్తుంది కూడా. సన్న మెత్త ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. తల దూర్చి వేసే రకం కంటే మెడ దగ్గర కూడా బకిల్ ఉండే రకం మేలు, మొహం మీద నుంచి ఏదన్నా దింపితే ఇష్టపడని కుక్కలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు లీష్. నేను అన్నిటికంటే ఎక్కువ సంతోషపడ్డది దీంతోనే, నిజానికి ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు, ఒక పట్టీ, ఒక హుక్కు, ఒక చేతి ఉచ్చు. కీలకమంతా పొడవులో ఉంది. మామూలుగా దొరికేవి మీటరుంపావు, లేదా 1.8 మీటర్లు అంటే ఆరడుగులవి. మీటరుంపావు లీష్‌తో కుక్క చెట్టు మొదలు వాసన చూడాలంటే మనం కూడా దారి వదిలి పాదులోకి దిగాల్సిందే. పాత పార్కుల్లో అలా దిగకూడదు, పెద్ద చెట్ల చుట్టూ మట్టిని తొక్కితొక్కి గట్టిపరిస్తే వేళ్లకి గాలీ నీరూ అందవు. పది మీటర్ల తాడు ఖాళీ మైదానంలో బాగుంటుంది కానీ, ఇక్కడ బెంచి కాళ్లకీ దీపస్తంభాలకీ చుట్టుకుంటుంది. మూడు మీటర్లైతే నేను దారి మీదే నిలబడి ఉంటాను, బూచి చెట్టు మొదలు దాకా వెళ్లి తీరిగ్గా వాసన చూసి వస్తాడు, మలుపు వచ్చేసరికి రెండు మడతలు పట్టుకుంటే నా మోకాలి పక్కకి వచ్చేస్తాడు. కొన్ని పార్కుల్లో లీష్ ఆరడుగులు మించకూడదని నియమం ఉంటుంది, గేటు దగ్గర బోర్డు చదివి అక్కడ దాన్నే పాటించండి, మూడు మీటర్లది మడిచి పట్టుకున్నా సరిపోతుంది.

పట్టుకోవడంలో ఒక పద్ధతి ఉంది. ఉచ్చుని మణికట్టుకి చుట్టేసుకోకూడదు, బొటనవేలికి తగిలించి పిడికిలి మూయాలి. మిగతా పొడవుని రెండో చేత్తో మడతలుగా పట్టుకోవాలి, చేతికి చుట్టలు చుట్టకూడదు. కుక్క ఒక్కసారి దూకితే చుట్ట బిగుసుకుని వేళ్లు విరుగుతాయి, మడత అయితే జారిపోతుంది. ఈ విషయం కుక్కల్ని పెంచేవాళ్లు పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

మెటీరియల్ విషయానికొస్తే, నైలాన్ తేలిగ్గా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, కానీ వేగంగా జారితే అరచెయ్యి కోసుకుపోతుంది. నూలు తాడు చేతికి మెత్తన, తడిస్తే బరువు. తోలు వాడేకొద్దీ బాగుంటుంది, కానీ నూనె రాస్తూ చూసుకోవాలి. నేను వాడుతున్నది బయోథేన్ రకం, అంటే పాలిస్టర్ పట్టీ మీద ప్లాస్టిక్ పూత వేసింది. బురదైతే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, వాసన పట్టదు, వానలో జారకుండా పట్టు ఉంటుంది. వెడల్పు రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ, 18 కిలోల కుక్కకి అది చాలు. పెద్ద కుక్కకి ఇంకా వెడల్పుది తీసుకోండి. చిన్న కుక్కకైతే హుక్కు బరువు చూసుకోండి, ఛాతీ రింగుకి బరువైన హుక్కు వేలాడితే నడిచినప్పుడల్లా ముంగాళ్లకి కొట్టుకుంటుంది.

సాగే లీష్‌కి ఒక్క స్టారే ఎందుకు ఇచ్చానో ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇదే అందరి చేతుల్లోనూ కనబడుతోంది. అయిదు మీటర్లో ఎనిమిది మీటర్లో సన్నటి తాడు ప్లాస్టిక్ డబ్బాలో చుట్టి ఉంటుంది. లోపల స్ప్రింగు ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, అంటే కుక్కకి వదులైన లీష్ అనేదే తెలీదు, లాగితే దారి దొరుకుతుంది అన్న పాఠం మాత్రం రోజూ నేర్చుకుంటుంది. మనం ఛాతీ రింగుతో నేర్పాలనుకున్నదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. కుక్క అయిదు మీటర్ల దూరంలో ఉండగా బటన్ నొక్కితే అక్కడే ఆగుతుంది, వెనక్కి రాదు, దాన్ని దగ్గరికి తెచ్చుకోవాలంటే ఆ సన్నతాడుని చేత్తో పట్టుకు లాగాలి, చర్మం కాలినట్టు కోసుకుపోతుంది. డబ్బా చెయ్యి జారిందా, అది డబడబ కొట్టుకుంటూ కుక్క వెంటే పడుతుంది, కుక్క బెదిరి పరిగెడుతుంది, పరిగెత్తేకొద్దీ వెనకాలే చప్పుడు. నేను కళ్లారా చూసింది వేరే. మలుపు దగ్గర ఒకాయన కుక్క దారికి అటుపక్క, ఆయన ఇటుపక్క, మధ్యలో తాడు మోకాలి ఎత్తున సాగి ఉంది. నీడలో ఆ తాడు కనబడనే లేదు. ఎదురుగా వస్తున్న ముసలావిడ కాలికి తగిలి, బెంచి వీపు పట్టుకోబట్టి సరిపోయింది గానీ పడితే తుంటి విరిగేది. ఆ వయసులో తుంటి విరగడమంటే ఎంత కష్టమో ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లందరికీ తెలుసు. ఇంత చూశాక ఆ వస్తువుకి నేను మంచిమాట రాయలేను. ఖాళీ మైదానంలో, లాగని కుక్కకి, మెడకి కాకుండా హార్నెస్‌కి తగిలించి వాడితే సరే, అంతకుమించి వద్దు.

పొడవు గురించి నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం ముక్కు. మనిషి ముక్కులో వాసనని పట్టే గ్రాహకాలు సుమారు 50, 60 లక్షలు ఉంటాయంటారు. కుక్కకి జాతిని బట్టి 10 కోట్లు దాటి 30 కోట్ల దాకా కూడా ఉంటాయి. దానికి తోడు నోటి పైకప్పులో జాకబ్సన్ అవయవం అని ఒకటి ఉంది, తోటి కుక్కలు వదిలిన రసాయన సంకేతాలని పట్టేది అదే. మనకి పాత పార్కు అంటే చెట్లూ రాళ్లూ, దానికి మాత్రం నిన్న రాత్రి నుంచి ఎవరెవరు వచ్చారో రాసిపెట్టిన చోటు. 2019లో డురాంటన్, హోరోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కల్ని రెండు జట్లు చేసి, రెండు వారాల పాటు ఒక జట్టు చేత వాసన చూసి వెతికే పని, ఇంకో జట్టు చేత యజమాని పక్కనే నడిచే అభ్యాసం చేయించారు. తర్వాత తిండి ఉందో లేదో తెలియని చోట గిన్నె పెడితే వాసన జట్టు కుక్కలు ముందుకంటే త్వరగా ఆశగా వెళ్లాయి. రెండో జట్టులో ఆ మార్పు రాలేదు. వాసన చూడనిస్తే కుక్క మనసు హుషారుగా ఉంటుందని నాకు అనుభవంలో తెలిసిందే, వాళ్లు కొలిచి చూపించారు. కాబట్టి దయచేసి, ఎన్ని అడుగులు నడిచామని వాచీలో చూసుకుంటూ కుక్కని చెట్టు దగ్గర నుంచి లాక్కెళ్లకండి. అరగంటలో పార్కు సగమే తిరిగినా, ముక్కు నిండా పని దొరికిన కుక్క ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది.

వాసన చూడనివ్వడం వేరు, ఎక్కడపడితే అక్కడ కాలెత్తనివ్వడం వేరు. మూత్రంలో నత్రజని, లవణాలు ఉంటాయి. ఒకే చెట్టు మీద రోజూ పడితే బెరడు దెబ్బతింటుంది, గడ్డి మాడుతుంది. పాత రాయికి ఇంకా కష్టం. లవణాలు రాతి రంధ్రాల్లోకి ఇంకి, ఆరినప్పుడు స్ఫటికాలుగా పెరిగి, లోపలి నుంచి రాయిని పెచ్చులు పెచ్చులుగా ఊడగొడతాయి. వందేళ్ల నాటి విగ్రహం దిమ్మె, చెక్కిన రాతి అంచు మళ్లీ ఎవరు చేసిస్తారు? మూడు మీటర్ల లీష్‌తో ఇక్కడ కూడా పని తేలికైంది, దిమ్మె వైపు పోతుంటే ముందే ఒక మడత తగ్గిస్తే చాలు, లాగాల్సిన పనే ఉండదు. నేను బూచిని గేటులోకి రాకముందే బయట మట్టినేల మీద కాలెత్తనిస్తాను, ఎక్కువ భాగం అక్కడే అయిపోతుంది.

పెంట సంచుల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2022లో బెల్జియంలోని ఘెంట్ దగ్గర ప్రకృతి రక్షిత ప్రాంతాల్లో లెక్కకట్టారు, కుక్కల వల్ల హెక్టారుకి ఏడాదికి సగటున 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం నేలలో చేరుతున్నాయి. పెంట మొత్తం ఎత్తేస్తే భాస్వరం 97 శాతం, నత్రజని 56 శాతం తగ్గుతాయని కూడా అందులోనే ఉంది. ఎరువే కదా మంచిదేగా అనకండి, అడవి మొక్కలకి ఎరువెక్కువైతే బలమైన గడ్డి ఒక్కటే పెరిగి మిగతావాటిని నొక్కేస్తుంది. పైగా పెంటలో ఏలికపాముల గుడ్లు ఉంటే కొద్ది వారాల్లో అంటుకునే స్థితికి వచ్చి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, ఆ మట్టిలో ఆడుకునేది పిల్లలు. కాబట్టి సంచి లేకుండా గేటు దాటకండి. సంచుల మీద బయోడిగ్రేడబుల్, అంటే మట్టిలో కలిసిపోతుంది, అని పెద్దగా రాసి ఉంటే ఆగి చదవండి. 2015లో అమెరికాలో వ్యాపార ప్రకటనలని చూసే ఎఫ్‌టీసీ, ఇలాంటి సంచులు అమ్మే 20 కంపెనీలకి, మీ మాటలు జనాన్ని తప్పుదారి పట్టించేలా ఉండొచ్చని హెచ్చరిక ఉత్తరాలు రాసింది. చెత్తకుప్పలో పూడ్చినవి అంత తొందరగా కరగవు. నేను చూసేది ఒక్కటే, చిరగకుండా ఉండాలి, రెండు వేళ్లతో నోరు తెరుచుకోవాలి. లీష్‌కి తగిలించే సంచుల డబ్బా మాత్రం గట్టి మూత ఉన్నది కొనండి.

ఎండ గురించి రెండు మాటలు. రాతి ఫలకలు, తారుదారి గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతాయి. అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు నేలకి ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉంచలేదు. కుక్కకి చెమట పట్టేది అరికాళ్లలోనే, ఒళ్లు చల్లబరుచుకోవాలంటే వగర్చడమే దారి. తెల్లారగానే వెళ్లిపోండి. పాత తోటల్లో అందం కోసం పెట్టిన గన్నేరు, చిన్న ఈతచెట్టులా కనబడే సైకస్ మొక్కలు ఉంటాయి, రెండూ కుక్కకి ప్రాణాంతకమే, మొక్కలు నమిలే పిల్లకుక్క ఉంటే అటువైపు లీష్ పొట్టి చెయ్యండి. పాచిపట్టిన పాత ఫౌంటెన్ నీళ్లు తాగనివ్వకండి, ఎలుకల మూత్రం కలిసిన నిల్వనీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. రేబీస్‌తో పాటు దానికీ టీకా ఉంది, డాక్టర్ని అడగండి. ఇంటికొచ్చాక హార్నెస్ విప్పి పట్టీల కింద, చంకల్లో, చెవుల వెనక పిడుదులు, అదే టిక్స్, ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూడండి.

మనుషుల మాట. ఏ సరంజామా కొన్నా, ఎదురొచ్చే వాళ్లకి మనం కుక్కని పట్టుకున్నామన్న నమ్మకం కలగాలి. "ఏమ్మా, కరుస్తుందా?" అని అడుగుతారు. "ఏం చెయ్యదండీ" అంటూ ముందుకి నడవడం నాకు నచ్చదు. మడతలు దగ్గరికి లాక్కుని, కుక్కకీ వాళ్లకీ మధ్యలో నేను నిలబడి, "వెళ్లండి పెద్దమ్మా, నేను పట్టుకున్నాను" అంటాను. వాళ్లు నెమ్మదిగా దాటుతారు. కొన్నాళ్లకి వాళ్లే ఆగి బూచిని పలకరించడం మొదలుపెట్టారు. పార్కు వాళ్లది కూడా, కుక్కంటే భయపడే హక్కు వాళ్లకుంది. సెంట్రల్ పార్కులో పొద్దున 9 లోపు, రాత్రి 9 తర్వాత కొన్నిచోట్ల కుక్కల్ని వదలనిస్తారు, మిగతా సమయమంతా లీష్ ఉండాల్సిందే. ఇలా వేళలు పంచుకునే ఏర్పాటు ప్రతి పాత పార్కులోనూ రావాలని నాకు గట్టి కోరిక. వచ్చేదాకా, "మా కుక్క మంచిదే" అని ఎవరూ లీష్ విప్పకండి. అసలు కుక్కల్నే రానివ్వని పార్కైతే వాదించకుండా వేరే చోటు చూసుకోండి.

కొనేటప్పుడు సైజు పట్టికలో కుక్క బరువు చూసి తీసుకోకండి, టేపు పెట్టి మెడ మొదలు, ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత కొలవండి. రెండు సైజుల మధ్యలో ఉంటే, పట్టీలు ఎంత బిగించొచ్చో చూసి పెద్దది తీసుకోండి. పార్సిల్ రాగానే రింగులు కుట్టిన చోట అడ్డగీతల కుట్టు ఉందా, దారాలు లేచి ఉన్నాయా చూడండి, రింగు లోహానిదై ఉండాలి, ప్లాస్టిక్‌దైతే వెనక్కి పంపేయండి. ఇంట్లోనే కాసేపు వేసి నడిపించి, కూర్చోబెట్టి, వంగి తినేలా చేసి, చంకల్లో ఒరుసుకోవట్లేదని తేలాకే ట్యాగులు కత్తిరించండి.